గడప దగ్గర అన్న మాట

ఆ ఉదయం చిగుసాకు కాలు ఒక చోట నిలవలేదు. తొయామా పట్టణ కుటుంబ న్యాయస్థానంలో అర్జీదారుల గదిలో కూర్చోలేక, కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతోంది. వరండాకు అవతలి గదిలో మాజీ భర్త మసనోరి ఉన్నాడు. ఇద్దరూ ఎదురుపడకుండా, ఒకరి తర్వాత ఒకరిని పిలిచి, ఒకరి మాట మరొకరికి చేరవేయడం మధ్యవర్తుల పద్ధతి.

మూడేళ్ల కిందట విడాకుల నాటికి ఆమె జబ్బుతో మంచం మీద ఉంది. కూతురు ఇబుకి తండ్రి దగ్గరే ఉండాలని ఉత్తర్వు వచ్చింది. ఇప్పుడు ఆరోగ్యం కుదుటపడింది. ఉద్యోగం ఉంది, రెండు గదుల ఇల్లు ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల అమ్మ దగ్గరికి వస్తానంటోంది. ఏప్రిల్‌లో కొత్త తరగతి మొదలయ్యేలోగా ఆ ఉత్తర్వు మారాలి.

చిక్కంతా ఒక్క మాటతో వచ్చింది. అక్కడి ఆచారం ప్రకారం సొంత ఇంటి గడప దాటితే "వచ్చేశాను" అనాలి, పరాయి ఇల్లయితే "మీకు ఇబ్బంది కలిగిస్తున్నాను" అనాలి. నాయనమ్మ పెంపకంలో ఇబుకికి ఈ మర్యాద బాగా ఒంటబట్టింది. నెలకోసారి తల్లి ఇంటికి వచ్చినప్పుడల్లా రెండోదే అనేది. చిగుసా నవ్వుతూ ఇంట్లో తొడుక్కునే చెప్పులు అందించి, వంటింట్లోకి వెళ్లి కాసేపు కుళాయి తిప్పి ఉంచేది.

కిందటి నెల న్యాయస్థానం తరఫున ఓగావా అనే అధికారిణి ఇల్లు చూడటానికి వచ్చింది. ఆమె కూర్చుని ఉండగానే ఇబుకి తలుపు తోసుకొచ్చి, బూట్లు విడుస్తూ "వచ్చేశాను" అంది. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఓగావా ఆ మాట పుస్తకంలో రాసుకుంది.

మధ్యవర్తి హొరీ, ఒకప్పటి హెడ్మాస్టరు, చిగుసాను పిలిచాడు. మసనోరి ఓగావా నివేదిక చదివాడనీ, ఆ మాట ఆమే నేర్పించిందంటున్నాడనీ చెప్పాడు.

"నేర్పించాలని చాలాసార్లు అనిపించిందండీ," అంది చిగుసా. "నేర్పితే వచ్చే మాట నాకెందుకని ఊరుకున్నాను."

హొరీ ఆ జవాబు పట్టుకుని వెళ్లాడు. అరగంట గంటయింది. మళ్లీ పిలుపు వచ్చేసరికి ముసలాయన ముఖం వెలిగి ఉంది. మరి మీ ఇంటి గడప దాటితే పిల్ల ఏమంటుందని మసనోరిని అడిగాడట. అతను తల దించుకుని, "ఏడాదిగా ఏమీ అనడం లేదు. మా అమ్మ మందలించినా అనదు" అన్నాడట. ఆ తర్వాత పిల్లను పంపడానికి తనంతట తానే ఒప్పుకున్నాడట.

హొరీ షరతులు ఒక్కొక్కటే చెప్పసాగాడు. మార్చి నెలాఖరుకు ఇబుకి వస్తుంది. పిల్ల ఖర్చుకు ఇన్నాళ్లూ చిగుసా పంపుతున్నది ఆగిపోయి, ఇకపై మసనోరి పంపాలి. నెలకోసారి నాయనమ్మ దగ్గరికి...

"సరేనండీ."

"ఇంకా చెప్పాల్సింది ఉందమ్మా."

"అదీ సరేనండీ."

హొరీ కళ్లజోడు తీసి నవ్వుకున్నాడు.

కొత్త షరతులు చదవడానికి న్యాయమూర్తి ఇద్దరినీ ఒకే గదిలోకి రప్పించాడు. మూడేళ్ల తర్వాత మసనోరిని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. చదవడం అయ్యాక అతను లేచి వంగి నమస్కరించాడు.

"పిల్లకి పచ్చి ఉల్లిపాయ పడదు," అన్నాడు.

"తెలుసు. కన్నది నేనే."

అతను తలూపాడు. చిగుసా బయటికొచ్చి, మెట్లు రెండేసి చొప్పున దిగుతూ, ఇబుకి బడి వదిలే వేళకు ఇంకెంతసేపుందో చేతి గడియారంలో చూసుకుంది.