తొమ్మిదో నంబరు గొట్టం

పక్క జిల్లాలో ఎక్కడో ఒక పార్కులో ఉయ్యాల తెగి పడింది. ఆ సమయానికి దాని మీద ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఎవరో వీడియో తీశారు. వారం తిరక్కుండా అన్ని మున్సిపాలిటీలకూ ఒక ఫారం వచ్చింది.

ఆ ఫారం చేతులు మారి మారి ఇంద్రజ బల్ల మీదికి చేరింది. ఇంద్రజ వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ. వీధి దీపాలు, కుళాయిలు, కాలవలు ఆమె బాధ్యత. జీడి ఫ్యాక్టరీల వెనక కొత్తగా కట్టిన పిల్లల పార్కు కూడా ఆమెదే. ఆదివారం దాని ప్రారంభం. అందులో పదకొండు ఆటవస్తువులున్నాయి. ప్రతి వస్తువునీ కనీసం అరవై కిలోల బరువుతో పరీక్షించి, ఫొటో జతపరచి, సంతకం చేయాలని ఫారంలో ఉంది.

"ఇసుక బస్తాలు ఇప్పించండి సార్" అని ఇంజనీరు జనార్దనరావుని అడిగింది.

"ఇసుక ఇప్పుడెక్కడ దొరుకుతాదమ్మా? నువ్వున్నావు కదా" అన్నాడాయన.

ఆ మాటలో వెటకారం లేదు. ఆయన ఆమెను ఒకసారి చూసి, లెక్క వేసుకునే చెప్పాడు. ఇంద్రజ బరువు డెబ్బై ఒకటి. ఆ సంగతి అప్పటిదాకా ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఫారంలో పదకొండు చోట్ల రాయాల్సి వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం, ఎండకి ఎవరూ రారని, ఒంటిగంటకి పార్కుకి వెళ్లింది. కాపలాదారు పెంటయ్య గేటు తీశాడు. ఫొటోలు తీయమని అతనికి తన ఫోను ఇచ్చింది.

ఉయ్యాలలు నాలుగూ బాగానే ఉన్నాయి. తూగుడుబల్ల మీద రెండో వైపు పెంటయ్యని కూర్చోబెట్టింది. అతను నలభై ఎనిమిది కిలోలు. పైకి వెళ్లినవాడు ఇంద్రజ లేచేదాకా అక్కడే ఉండిపోయాడు. ఫొటో అక్కణ్ణించే తీశాడు. అది చక్కగా వచ్చింది.

తొమ్మిదో నంబరు జారుడుబల్ల. బల్ల అంటే బల్ల కాదు. నీలం రంగు ప్లాస్టిక్ గొట్టం. పైన ఎక్కి లోపల కూర్చుంటే, మధ్యలో ఒక మెలిక తిరిగి, కింద ఇసుకలో దింపుతుంది. ఇంద్రజ మెట్లెక్కింది, చీర దగ్గరికి సర్దుకుంది, జారింది. మెలిక దగ్గర ఆగిపోయింది.

పెంటయ్య కింద ఫోను పట్టుకుని నిలబడ్డాడు.

"రెడీయండి మేడమ్ గారూ."

"పెంటయ్యా, నేను రావడం లేదు."

"పర్వానేదండి. నానుంటాను."

ఆమె కాళ్లతో నెట్టుకుంది. కదల్లేదు. వెనక్కి పాకుదామనుకుంటే ఎడమ చంక కింద ఏదో గుచ్చుకుంది. లోపల చీకటిగా, వేడిగా ఉంది. కొత్త ప్లాస్టిక్ వాసన వస్తోంది. ఆమెకు మొదట భయం వేయలేదు, సిగ్గు వేసింది. పిల్లల కోసం చేసిన వస్తువులో తన ఒళ్లు పట్టలేదని, రేపటికి ఈ సంగతి టెక్కలి దాకా పోతుందని అనుకుంది. తర్వాత నెమ్మదిగా భయం కూడా వచ్చింది.

ఇంతలో ఫోను మోగింది. జనార్దనరావు. పెంటయ్య ఎత్తాడు.

"మేడమ్ గారు గొట్టంలో ఉన్నారండి."

"ఏ వార్డు గొట్టం? లీకేజీయా?"

"లీకేజీ నేదండి. ఇరుక్కున్నారు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"ఫొటో తీశావా?" అన్నాడు జనార్దనరావు.

ఒంటిగంటన్నరకి జీడి ఫ్యాక్టరీ ఆడవాళ్లు అన్నం క్యారేజీలు పట్టుకుని వచ్చారు. పార్కు ఇంకా తెరవకపోయినా, నీడ ఉందని రోజూ అక్కడే తింటారు. గొట్టంలోంచి మనిషి గొంతు వినిపించేసరికి చుట్టూ చేరారు. పొగ పెడితే వస్తుందని ఒకావిడ అంది. మనిషికి పొగేటని ఇంకొకావిడ తిట్టింది. మూడో ఆవిడ పరుగున వెళ్లి కొబ్బరినూనె సీసా తెచ్చి, మెట్లెక్కి పైనుంచి సగం పోసింది. నూనె మెల్లగా జారి ఇంద్రజ వీపు దాకా వచ్చి, అక్కణ్ణించి కిందికి పోయి ఇసుకలో ఇంకింది. ఇంద్రజ మాత్రం ఉన్నచోటే ఉంది.

"కొంచిం ఊపిరి బిగబట్టమ్మా. పొట్ట లోపలికి లాగు" అని కేకలేశారు.

ఆమె లాగింది. ఏమీ కాలేదు. బయట ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు.

అప్పుడు నూకాలమ్మ అన్నం మూత పెట్టి లేచింది. అరవై దాటిన మనిషి, ఎండిన తాటాకులా ఉంటుంది. ముప్పై ఏళ్లుగా జీడిగింజలు కొట్టి వేళ్లు నల్లబడ్డాయి. కొంగు బిగించి, పప్పు పొట్టు తీసే చిన్న కత్తి నోట కరుచుకుని, గొట్టం కింది నుంచి పైకి పాకడం మొదలుపెట్టింది. నూనెకి రెండుసార్లు జారి ఇసుకలో పడింది. మూడోసారి ఇంద్రజ పాదాలు పట్టుకుని పైకి వచ్చింది.

"ఎవరూ?" అంది ఇంద్రజ.

"నూకాలమ్మని. కదలకమ్మా." పళ్ల మధ్య కత్తితోనే అని, చీకట్లో చెయ్యి చాపి ఇంద్రజ పక్కలు తడిమింది. తర్వాత కత్తి చేతిలోకి తీసుకుంది. "ఓలమ్మా! ఒళ్లు కాదు తల్లీ. బోల్టు."

"ఏంటి?"

"బోల్టమ్మా. లోపలికి పొడుసుకొచ్చీసింది. నీ పైట, రైక రెండూ దానికి తగులుకున్నాయి. నీ ఒంటికేటి, బోలెడంత జాగా ఉన్నాది."

ఇంద్రజకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ చీకట్లో ఎవరికీ కనబడదు కాబట్టి తుడుచుకోలేదు.

నూకాలమ్మ గుడ్డ కోసి, కత్తి మళ్లీ నోట కరుచుకుంది. ఇద్దరూ ఒక్కసారిగా కిందికి వచ్చి ఇసుకలో పడ్డారు. పెంటయ్య ఫొటో తీశాడు. అందులో ఇద్దరున్నారు. ఒకరి నోట్లో కత్తి ఉంది. ఇంద్రజ పక్కటెముక మీద జానెడు గీత పడి నెత్తురు కారుతోంది. నూకాలమ్మ తన తువ్వాలు ఆమె భుజాల చుట్టూ కప్పి, "అన్నం తిన్నావా?" అని అడిగింది. ఇంద్రజ లేదంది. ఆ రోజు వాళ్లతోనే ఎండుచేపల కూరతో తింది.

సాయంత్రం ఆసుపత్రిలో కుట్లు వేయించుకుని ఇంటికి వెళ్లేసరికి భర్త మోహన్‌కి అప్పటికే తెలిసిపోయింది.

"ఊరంతా అదే మాట. గొట్టంలో పట్టలేదంట నువ్వు" అన్నాడు.

ఆమె గాయం చూపించింది. అతను మందు తెచ్చి రాశాడు.

తర్వాత ఇంద్రజ నాలుగున్నరేళ్ల కూతురు భానుప్రియని పిలిచి నేల మీద కూర్చోమంది. గొట్టం అడుగు నుంచి బోల్టు ఎంత ఎత్తులో ఉందో అప్పటికే పార్కులో కర్ర పెట్టించి కొలిపించింది. పదమూడు అంగుళాలు. టేపు తీసి కూతురి పక్కన నేల నుంచి పైకి కొలిచింది. పదమూడు అంగుళాల దగ్గర వేలు పెట్టింది. వేలు పిల్ల మెడ మీద ఉంది.

"అమ్మా, గిలిగింతలు" అంది భానుప్రియ.

మోహన్ చేతిలోని మందు మూత పెట్టడం మర్చిపోయాడు.

మర్నాడు ఇంద్రజ ఫారంలో తొమ్మిదో నంబరు ఎదురుగా 'పనికిరాదు' అని రాసింది. జనార్దనరావు ఫోన్ చేసి, 'సంతృప్తికరం' అని రాసేయమని, బోల్టు సంగతి ప్రారంభం తర్వాత చూద్దామని చెప్పాడు. "నేను చూసేశాను సార్" అందామె.

మధ్యాహ్నం పార్కు కట్టిన కాంట్రాక్టరు తిరుమలరావు స్వయంగా వచ్చాడు. నిమ్మాడలో ఇంద్రజ పుట్టింటి వీధే ఆయనది. వరసకి అన్న.

"ఏటి సెల్లెమ్మా, అన్న మీద కోపమా? అది పిల్లలాడుకునీది. పెద్దోలు ఎక్కితే ఇరుక్కోరా మరి?"

"పెద్దోళ్లే ఎక్కాలని ఫారంలో ఉంది అన్నయ్యా."

"సరే, బోల్టు కోయించీసేను. పొద్దున్నే మనిషిని పంపేను. సంతకం పెట్టీ."

ఆమె ఫారం తిప్పి చూపించింది. మరమ్మతు చేసిన వస్తువును మళ్లీ పరీక్షించాలని పన్నెండో గడిలో ఉంది.

"మళ్లీ ఎక్కు, దానికేటుంది" అన్నాడు తిరుమలరావు.

"నాకు ఐదు కుట్లు పడ్డాయి. డాక్టరు ఒద్దన్నాడు. అరవై కిలోలు దాటినవాళ్లు ఎవరైనా ఎక్కొచ్చు." ఆగి, "నీ బరువెంత అన్నయ్యా?" అని అడిగింది.

ఎనభై రెండు.

శనివారం ఉదయం తిరుమలరావు తెల్ల చొక్కాతో వచ్చాడు. మెట్లెక్కి గొట్టం నోటి దగ్గర కూర్చున్నాడు. కాళ్లు లోపల పెట్టాడు. చాలాసేపు లోపలికి చూస్తూ ఉండిపోయాడు. కింద ఇంద్రజ, పెంటయ్య, మరో ఇరవై మంది ఉన్నారు.

"వెళ్లన్నయ్యా" అంది ఇంద్రజ.

"ఆ బోల్టొక్కటే కోసేరా?" అని ఆయన తన మేస్త్రీని అడిగాడు.

"మీరు సెప్పింది అదొక్కటే గదండీ."

తిరుమలరావు కాళ్లు వెనక్కి తీసుకుని, మెట్ల మీదుగా దిగి వచ్చాడు. "ముందు లోపలికి లైటు పట్టుకెళ్లి మొత్తం సూడు" అన్నాడు. మేస్త్రీ పాకుకుంటూ వెళ్లి, వచ్చి, ఇంకా నాలుగున్నాయని చెప్పాడు. తిరుమలరావు ఇసుకలో కూర్చుండిపోయాడు. ఆయన మనవరాలికి మూడేళ్లు. ప్రారంభానికి మొదట ఆ పిల్లే జారాలని ఇంట్లో అనుకున్నారు. పెంటయ్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

ఆదివారం పార్కు ప్రారంభమైంది. గొట్టం రెండు వైపులా చెక్కలు బిగించి ఉన్నాయి. వచ్చిన పెద్దలు రిబ్బను కత్తిరించి, మాట్లాడి, వెళ్లిపోయారు. చెక్కలెందుకని ఎవరూ అడగలేదు.

పద్దెనిమిది రోజుల తర్వాత కొత్త గొట్టం వచ్చింది. తిరుమలరావు ఎవరూ పిలవకుండానే వచ్చి ఎక్కాడు. జారాడు. ఇసుకలో కూర్చుని చొక్కా దులుపుకుని, "ఫొటో సరిగ్గా వచ్చిందో నేదో. ఇంకోపాలి ఎల్తాను" అన్నాడు. ఫొటో బాగానే వచ్చింది. అయినా ఇంద్రజ వద్దనలేదు.

చెక్కలు తీసిన సాయంత్రం పిల్లలు వరస కట్టారు. ఇంద్రజ గొట్టం కింద నిలబడింది. ఒక పిల్ల లోపలికి వెళ్లగానే ఊపిరి బిగబట్టేది, బయటికి రాగానే వదిలేది. అలా యాభై మందిదాకా లెక్కపెట్టింది. తర్వాత కాళ్లు లాగితే, పక్కన బల్ల మీద కూర్చున్న నూకాలమ్మ కొంచెం జరిగింది. ఇంద్రజ కూర్చుంది. అక్కణ్ణించి గొట్టం కింది నోరు కనబడదు. కేరింతలు మాత్రం వినబడతాయి.