బేస్‌మెంట్‌లో తెలుగు తరగతి

ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు చర్చిలో దైవాశీర్వాదం గారిని అందరూ మాస్టారనే పిలిచేవారు. తెనాలిలో హెడ్మాస్టరుగా రిటైరై కొడుకు జోసఫ్ దగ్గరికి వచ్చారు. ఆదివారం ఆరాధన అయ్యాక బేస్‌మెంట్‌లో పిల్లలకు తెలుగు చెప్పేవారు. ఆయన నడిచి వస్తుంటే కార్ల కంపెనీ ఇంజనీర్లు కాఫీ కప్పులతోనే లేచి నిలబడేవారు.

ఎనభై మూడు చలికాలం మొదట్లో, చర్చి కమిటీలో ఉన్న అబ్రహాం కూతురు మీనా "గుడ్ మార్నింగ్, మాస్టర్" అనడానికి ఒప్పుకోలేదు.

"మాస్టర్ మీన్స్ స్లేవ్స్‌ని కొట్టే మనిషి. స్కూల్‌లో చెప్పారు. నేను అనను."

ఆయన ఆ పిల్ల చెవి పట్టుకుని మెలిపెట్టారు.

చెవి మెలిపెట్టించుకోకుండా చదువుకున్నవాళ్ళు ఆ పెద్దల్లో ఒక్కరూ లేరు. కానీ మీనా బడిలో చెబితే పోలీసుల దాకా వెళ్తుందేమోనని అందరికీ భయం పట్టుకుంది. మాస్టారిని మానిపించాలని కమిటీ తీర్మానించింది. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. అబ్రహాం జోసఫ్‌ని కూడా తప్పించుకుని, అతని భార్య కరుణ దగ్గరికి వచ్చాడు.

"మీరైతే మెల్లిగా చెప్తారు సిస్టర్. క్లాస్ కూడా మీరే టేకోవర్ చేయండి. ఇంట్లోనే ఉంటారుగా, పైగా మాస్టర్స్ చేశారు."

ఈ దేశం వచ్చాక ఆమె ఎమ్మేని ఎవరూ తలచుకోలేదు. కరుణకు సంతోషం కలిగింది. ఆ సంతోషంలోనే ఇంటికి వెళ్ళి, మంచు పడుతోంది కాబట్టి వేసవి దాకా క్లాసులు ఆపేశారని మామగారితో చెప్పింది. చిన్నపిల్లలు జారిపడతారు, మంచి పనే చేశారన్నారాయన.

ఆ తర్వాతి ఆదివారాలు ఆరాధన అయ్యాక ఆయన పైన చర్చి హాల్లోనే, కోటు విప్పకుండా కూర్చునేవారు. కరుణ చర్చి వంటగదిలో పనుందని చెప్పి కిందికి దిగేది.

ఒకరోజు ఆమె బోర్డు మీద గుణింతం రాస్తుండగా వెనక అల్లరి ఆగిపోయింది. తిరిగి చూస్తే గుమ్మంలో మామగారు. బాత్రూమ్ వెతుక్కుంటూ దిగినట్టున్నారు. బోర్డునూ, ఆమె చేతిలో సుద్దముక్కనూ చూశారు.

తిడతారనుకుంది. తిడితే సాకుగా చెప్పుకోడానికి అబ్రహాం ఉన్నాడు, కమిటీ ఉంది.

"లోపలికి రావచ్చా, టీచర్ గారూ?" అన్నారాయన.

అందులో వెటకారం లేదు. పాఠం జరుగుతున్న గదిలోకి అడగకుండా అడుగుపెట్టడం ఆయన ఎరగరు.

"రండి," అంది, ముఖం ఎత్తకుండా.

మీనా పక్కన కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంది. ఆ పిల్ల చెవి మీదికి జుట్టు లాక్కుంది. ఆయన ఆ చిన్న కుర్చీలో ఒదిగి కూర్చుని, రెండు చేతులూ ఆ పిల్లకు కనబడేటట్టు బల్ల మీద పెట్టుకున్నారు.

కరుణ బోర్డు వైపు తిరిగింది. క్లాసు అయ్యేదాకా మళ్ళీ ఇటు తిరగలేదు.