ప్లంబరు గెలిస్తే కుళాయి ఎవరు చూస్తారు?

వార్డు ఎన్నిక పోలింగుకు ఇంకా ఆరు రోజులుందనగా ప్లంబరు బావమరిది సర్వే కాగితాలు పట్టుకుని నేరుగా వంటింట్లోకే వచ్చాడు. ముందు గది నిండా కరపత్రాలే, కాలు పెట్టే చోటు లేదు.

"బావా, నూరిళ్ళు తిరిగాను. ముప్పై మనవి. మిగతావన్నీ సోఫాల షాపాయనవి."

ప్లంబరు చేతిలోని గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఆ వార్డులో ఆయన చెయ్యి పడని కుళాయి లేదు. ఎండనక వాననక, పిలిస్తే చాలు వెళ్ళిన మనిషి. సోఫాల షాపాయన ఒక్కరి గడపైనా తొక్కిన పాపాన పోలేదు. అయినా ఓట్లు ఆయనకేనట!

"నా మీద అంత కోపమేమిట్రా వాళ్ళకి?"

"కోపమా? నిన్ను పొగడని ఇల్లు లేదు. అదే మన కొంప ముంచింది. నువ్వు గెలిచి ఆఫీసులో కూర్చుంటే వాళ్ళ కుళాయిలెవరు చూస్తారట? సోఫాలాయన ఎక్కడ కూర్చున్నా ఎవరికీ నష్టం లేదుగా అంటున్నారు."

ప్లంబరుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వీధి కింద పెద్ద పైపు కుళ్ళిపోయిందని ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇంటింటా ఎన్ని వాషర్లు మార్చినా వచ్చేవి తుప్పు నీళ్ళే. దాన్ని మార్చాలంటే పానా చాలదు, కౌన్సిల్లో చెయ్యెత్తాలి. ఎదురింటి పాప ఆ నీళ్ళు తాగి మంచం పట్టిన రోజే ఆయన నామినేషన్ వేశాడు. ఆ మాటే మైకులో చెప్పమంటే మాత్రం గొంతు పెగలదు.

బావమరిది బాగా ఆలోచించి వ్యూహం చెప్పాడు. "ప్రచారానికి మిగిలిన ఈ నాలుగు రోజులూ పని చెడగొట్టు. నువ్వు బిగించిన కుళాయి సాయంత్రానికి ఊడాలి. ఇతను లేకపోయినా ఫరవాలేదని జనానికి అనిపించాలి."

మర్నాడు ప్లంబరు గుండె రాయి చేసుకుని దర్జీ ఇంటికి వెళ్ళాడు. పానా వదులుగానే పట్టాడు కానీ, పాడు చెయ్యి మాట వింటేనా? కుళాయి బాగుచేసి, అడక్కపోయినా సింకు కింద పైపు కూడా బిగించి వచ్చాడు. "నువ్వు మాకు ఎప్పటికీ ఇలాగే ఉండాలి నాయనా" అంది దర్జీ తల్లి. అంటే ఆ ఇంటి ఓట్లూ పోయినట్టే.

సంగతి విన్న బావమరిది తల పట్టుకున్నాడు. ఇద్దరూ అలా చతికిలబడి ఉండగా, ఆరేళ్ళుగా టప్ టప్ మంటున్న వంటింటి కుళాయి హఠాత్తుగా ఆగిపోయింది. చూస్తే ప్లంబరు భార్య చేతిలో పానా ఉంది.

"ఏమిటా చూపు? ఇన్నేళ్ళుగా రోజూ మీ పని కబుర్లే కదా నా చెవిన పోస్తున్నారు. మీ కోసం చూస్తే ఇది ఈ జన్మకు ఆగేలా లేదు" అంది.

బావమరిది కుళాయి వంక చూశాడు, అక్క వంక చూశాడు. "అక్కా, రేపటి నుంచి నీకేమైనా పనుందా?"

ఆ తర్వాత మూడు రోజులూ ఆవిడ మొగుడి పనిముట్ల సంచీ తగిలించుకుని గడప గడపకూ తిరిగింది. చెప్పిన టైముకు వెళ్ళింది, పనయ్యాక నేల తుడిచి మరీ వచ్చింది. పానా తిప్పుతూనే పెద్ద పైపు సంగతి, పాప సంగతి చెప్పింది. ఆవిడ గొంతుకు మైకు కూడా అక్కర్లేదు.

ప్లంబరు నూట డెబ్భై ఓట్లతో గెలిచాడు. లెక్కింపు హాలు మెట్ల మీదే దర్జీ తల్లి ఎదురైంది.

"సంతోషం నాయనా. మీ ఆవిణ్ణి సాయంత్రం ఒకసారి పంపు, షవరు కారుతోంది."

"నేనొచ్చి చూస్తాలెండి."

"నువ్వెందుకులే, ఆవిడే రావాలి."

ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. ఓడిపోయినా ఇంత బాధపడేవాడు కాదేమో. ఇంటికి రాగానే, అలవాటు కొద్దీ సంచీ కోసం చెయ్యి చాచాడు. భార్య దాన్ని అందుకుని తన భుజాన వేసుకుంది.

"రేపు కౌన్సిల్లో ఎత్తాల్సిన చెయ్యి అది. గ్రీజు అంటనివ్వకండి."