గురవయ్య వీపు

దగ్గరికి జరుగు హారికా, ఇంకొంచెం, నా మోకాలికి నీ మోకాలు తగిలేలా కూర్చో తల్లీ, ఎందుకంటే ఇక్కడ ఇంజను చప్పుడు బాగా ఉంది, తలుపు పీకేసిన విమానం ఇది, గాలి లోపలికి దూరి మాటని నోట్లో నుంచే లాక్కుపోతోంది. నేను నేల మీద కూర్చుని ఉన్నాను. ఈ విమానంలో కుర్చీలుండవని, ఒకళ్ళ కాళ్ళ మధ్య ఒకళ్ళు ఒదిగి మునక్కాయల కట్టలా కూర్చోవాలని ఇన్నేళ్ళుగా వింటూ వచ్చినదాన్నే గాని ఒక్కసారన్నా ఎక్కినదాన్ని కాను, అయినా నాకేమీ కొత్తగా లేదు, పైగా నా ఒళ్ళో చేట ఉంది, చేటలో సగం ఏరిన కందిపప్పు ఉంది, అంత గాలికీ ఒక్క బద్ద కదలటం లేదు. నా ముందు, గుమ్మంలో కాళ్ళు బయటికి వేలాడేసి, వీపు నా వైపు పెట్టి మా తమ్ముడు గురవయ్య కూర్చుని ఉన్నాడు.

వాడు ఎండాకాలంలో పోయాడు. ఆ సంగతి నాకు కలలోనూ తెలుసు. తెలిసి కూడా, పొరుగూరి నుంచి వచ్చినవాణ్ణి అడిగినట్టు, "ఎప్పుడొచ్చావురా?" అని అడుగుతాను.

"నేనెక్కడికి పోయానక్కా, రావటానికి?" అంటాడు వాడు, వెనక్కి తిరక్కుండానే. "ఎక్కిన కాడ్నుంచీ ఈ గుమ్మంలోనే కూర్చోనుండా."

"అన్నం తిన్నావా?"

"ఇదుగో, మొదలుపెట్టింది. ఆకాశంలోంచి దూకబోయేవోణ్ణి పట్టుకొని అన్నం తిన్నావా అని అడిగేదానివి భూమ్మీద నువ్వొక్కదానివే."

"ఇప్పుడు భూమ్మీద లేం గదరా."

వాడి భుజాలు కదులుతాయి. నవ్వొస్తే వాడికి మొహం కంటే ముందు భుజాలు నవ్వుతాయి, చిన్నప్పటి నుంచీ అంతే. ఆ భుజాలు చూసేసరికి మొహం చూపించరా అందామనుకుంటాను, అడిగితే చెదిరిపోతాడేమోనని అడగను.

కిందికి చూస్తే కృష్ణ కనపడుతోంది, ఎండ పడి తెల్లగా ఉంది, దాని పక్కన మన రన్‌వే, రన్‌వే పక్కన మన రేకుల షెడ్డు. సైన్యంలో పారాచూట్ల దళంలో చేసి, పెళ్ళీ గిళ్ళీ అనకుండా తిరిగొచ్చిన వాడు, ఎవరికీ పనికిరాకుండా పడున్న ఆ రన్‌వేని బాగు చేయించి, ఒక చిన్న విమానం అద్దెకు తెచ్చి, ఆదివారాలు దూకేవాళ్ళ కోసం క్లబ్బు పెట్టాడు. అప్పటికి మా ఆయన పోయాడు, నేనూ వాడి వెంటే వచ్చి ఆ షెడ్డులో పొయ్యి పెట్టాను. హైదరాబాదు నుంచి, బెజవాడ నుంచి కంప్యూటరు పిల్లలూ డాక్టర్లూ వచ్చేవాళ్ళు. వాడు నన్ను అక్కా అంటాడని వాళ్ళూ అక్కా అనేవాళ్ళు, మనవళ్ళ ఈడు వాళ్ళు కూడా. వాళ్ళు దూకేది చిటికెలో పని, మిగతా రోజంతా కూర్చోవటమే. గాలి ఎక్కువైతే కూర్చోవాలి, మబ్బు దిగితే కూర్చోవాలి, గాలి వాటం చెప్పటానికి స్తంభం మీద ఎగిరే గుడ్డగొట్టం వైపు చూస్తూ క్యారమ్సు ఆడాలి, టీ తాగాలి, ఒకళ్ళ మీద ఒకళ్ళు జోకులేసుకోవాలి. ఎవడన్నా దారి తప్పి మిరప చేలో దిగితే, ఆసామి తిట్లు తిని, ఉతికిన చీరల్లాగ పారాచూట్‌ని చేతుల్లో కుప్ప చేసుకుని వచ్చేవాడు, వాడు వచ్చేదాకా ఎవరూ అన్నం ముట్టేవాళ్ళు కాదు. ఎవడు ఏది మొదటిసారి చేసినా ఆ రోజు అందరికీ తినుబండారం వాడే పెట్టాలి. నూరోసారి దూకి దిగినవాడి మొహాన గిన్నెడు పెరుగు కొట్టాలి. ఆ పెరుగు నేను తోడు పెట్టిందే.

"నీ పెరుగు అట్టా పారబోస్తుంటే నువ్వు తిట్టిన తిట్లు, అక్కా," అంటాడు వాడు, నేను మనసులో అనుకున్నది విన్నట్టు. "నీలోఫర్‌కి పెరుగు కొట్టిన రోజు మజ్జిగ లేకుండా భోజనం పెట్టావు మాకందరికీ."

"మరి? గేదె మీ తాత సొమ్మా? ఆ పిల్ల జుట్టులోంచి మీగడ తీయటానికి నాకు పొద్దుగూకింది."

"ఎట్టా ఉంది నీలోఫర్?"

చేట వైపు చూస్తాను. చేటలో పప్పు లేదు, సున్నిపిండి ఉంది, కింద విమానం నేల తడిగా ఉంది, చూస్తుండగానే అది మా పుట్టింటి పెరట్లో నీళ్ళు పోసుకునే బండ అవుతుంది. అది అమ్మ పోయిన ఏడాది. వాడు ఇంత పిల్లాడు, నడుముకి మొలతాడు తప్ప ఏమీ లేదు, గొంతుక్కూర్చుని వీపు నాకు అప్పజెప్పాడు, నేను పరికిణీ ఎగ్గట్టి సున్నిపిండితో రుద్దుతున్నాను. వెన్నుపూసలు వేళ్ళకి గులకరాళ్ళలా తగులుతున్నాయి.

"మెల్లిగా అక్కా, తోలూడొస్తంది!"

"ఊడితే కొత్తది మొలుస్తుందిలే. ఎక్కడ దొర్లావురా ఇంత మట్టి?"

"నాకేం తెలుసు, నా వీపు నాకు కనపడుద్దా?"

చెంబుతో నీళ్ళు గుమ్మరిస్తాను. నీళ్ళు కిందికి పడకుండా పక్కకి పోతాయి, గాలిలోకి, గుమ్మంలోంచి బయటికి, వరసగా మెరుస్తూ పోతాయి, ఇంజను చప్పుడు మళ్ళీ వస్తుంది. ఆ చిన్న వీపు నా చేతుల కిందే వెడల్పయి, దాని మీదికి పట్టీలు వచ్చి, పారాచూట్ సంచి వచ్చి కూర్చుంటుంది. సంచి వాడిదే. దాని అంచుకి నేను కుట్టిన ఎర్రదారం కుట్లు కనపడుతున్నాయి.

"అక్కా, నా వీపు చూడవూ?" అంటాడు గురవయ్య.

ఏం అడుగుతున్నాడో నాకు తెలుసు. ఆ క్లబ్బులో వాడు పెట్టిన కట్టడి అది. సంచి మూత కింద ఒక పిన్ను ఉంటుంది, అది తిన్నగా ఉంటేనే పైన పారాచూట్ సరిగా తెరుచుకుంటుంది, అది వీపు మీద ఉంటుంది గనక ఎవరిది వాళ్ళకి కనపడదు. ఇంకొకళ్ళు మూత ఎత్తి, చూసి, మళ్ళీ దోపి, భుజం మీద ఒక్క చరుపు చరవాలి. ఆ చరుపు పడందే ఎంత మొనగాడైనా దూకటానికి లేదు. 'వీపు చూసేవాళ్ళు మొహమాటపడకూడదు, అబద్ధమాడకూడదు' అని కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి రోజే చెప్పేవాడు.

"నన్నెందుకురా అడుగుతావు, నీ గుంపు వాళ్ళని అడుగు."

"ఆ రోజు ఎవరున్నారక్కా? బుధవారం నాడు ఎవరొస్తారు? నువ్వు బియ్యం కడుగుతున్నావు, నేను మంచం మీదే ఉండా, గుండెల్లో ఏదో పట్టేసింది, అంతే, ఈ విమానం గుమ్మంలోకొచ్చి పడ్డా. ఎవురూ నా వీపు చూళ్ళేదు. ఎవురూ చరవలేదు." వేలాడే కాళ్ళ వైపు చూసుకుంటాడు. "చరవకుండా నేనెట్టా దూకేది? నేనే పెట్టిన మాటాయె. అందుకే ఇట్టా కూర్చోనుండా."

నాకు ఏడుపు రావాలి, సంతోషం వస్తుంది. అంటే నేను చరవనంతకాలం వీడు ఇక్కడే ఉంటాడన్నమాట! ఈ గుమ్మంలో, నా చేతికి అందేంత దూరంలో, వీపు నా వైపు పెట్టి. చేతులు రెండూ చీర కొంగులో చుట్టేసుకుంటాను.

"కూర్చో, తొందరేముంది," అంటాను. "కబుర్లు చెప్పు. అమ్మ కనపడిందా?"

"గుమ్మం దాటితే గదా, ఎవరన్నా కనపడేది."

"గోంగూర నూరాను నిన్న."

"వాసనొచ్చింది. ఎండుమిరపకాయలు కాస్త మాడ్చావు."

"పొగలో కనపడలేదురా."

"కుండ ఇంకా ఎన్నాళ్ళు వేలాడదీస్తావక్కా?"

అదుగో. ఎటు తిరిగినా అక్కడికే వస్తాడని తెలుసు నాకు. వాడి అస్థికలు సగం కృష్ణలో కలిపాం. మిగతా సగం క్లబ్బు వాళ్ళు అడిగారు. తోటివాడు పోతే వాడి బూడిదని పైకి తీసుకెళ్ళి, చేతులు పట్టుకుని చక్రంలాగ తేలుతూ గాల్లో వదిలిపెట్టటం వాళ్ళలో ఆచారం, వాడూ బతికుండగా అదే కోరాడు. చిన్న కుండలో పోసి, పసుపుగుడ్డ కట్టి, షెడ్డు బయట చూరుకి వేలాడదీశాం. వానలు పోయాక చేద్దాం అన్నారు, సరే అన్నాను. వానలు పోయాయి. ప్రతి ఆదివారం నీలోఫర్ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఈ వారం, అక్కా?" అంటుంది. "గాలి బాగోలేదమ్మా," అంటాను. "గుడ్డగొట్టం ఊగటం కూడా లేదక్కా." "కింద కాదు, పైన బాగోలేదు." ఆ పిల్ల వచ్చి నా పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతుంది.

"గాలి బాగోలేదురా," అంటాను వాడితో కూడా.

"శనగ చేలు మోకాలెత్తు లేచినయ్యి. ఆకు కదలటం లేదు. నాకు చెప్తున్నావా గాలి సంగతి?"

"నీకు అక్కడేం పనుందిరా అంత? ఇక్కడ నాకెవరున్నారు? పొద్దున లేస్తే రెండు గ్లాసులు టీ పెడుతున్నాను ఇంకా. ఒకటి నేనే తాగుతున్నాను, చల్లారాక."

గాలికి వాడి మెడ వెనక తెల్లవెంట్రుకలు రేగుతున్నాయి, అణుద్దామని చెయ్యి కొంగులోంచి సగం వస్తుంది, మళ్ళీ లోపల పెట్టేసుకుంటాను. అప్పుడు నా వెనక ఎవరో దగ్గుతారు. తిరిగి చూద్దును గదా, విమానం మన షెడ్డంత పొడుగుంది, రైలంత పొడుగుంది, ఒకళ్ళ కాళ్ళ మధ్య ఒకళ్ళు ఒదిగి కూర్చుని ఎంతమందో, ఎవరి మొహమూ ఆనటం లేదు, అందరి వీపుల మీదా సంచులున్నాయి. ఒక ముసలమ్మ వీపున తాటాకు బుట్ట ఉంది. ఎవరూ విసుక్కోవటం లేదు, అయినా ఇరుకులో కాళ్ళు తిమ్మిరెక్కినవాళ్ళు కదిలినట్టు మెల్లగా కదులుతున్నారు.

"వీళ్ళందరూ ఎవర్రా?"

"నా తరవాత దిగాల్సినోళ్ళు. గుమ్మంలో కూర్చున్నోడు దూకితేగా వెనకోళ్ళకి దారి. పాపం, నా మూలాన ఇందాకట్నుంచీ చుట్లు కొడతన్నారు." తరవాత నెమ్మదిగా అంటాడు, "నువ్వు వద్దంటే కూర్చుంటానక్కా. ఎన్నాళ్ళైనా కూర్చుంటా. కాళ్ళు మాత్రం లాగుతున్నయ్యి."

ఆ ఒక్క మాటా నేను తట్టుకోలేను. చిన్నప్పుడు మైళ్ళు నడిచి సంతకి పోయినప్పుడు కూడా వాడు ఎత్తుకోమనేవాడు కాదు, కాళ్ళు లాగుతున్నాయని మాత్రం అనేవాడు.

సంచి మూత ఎత్తుతాను. వంకరగా ఉండాలని దేవుడికి మొక్కుకుంటూ ఎత్తుతాను. వంకరగా ఉంటే విప్పాలి, చాప పరవాలి, తాళ్ళు సాగదీయాలి, గాలి పోయేదాకా గుడ్డని కావలించుకుని పడుకోవాలి, మళ్ళీ మడిచి సంచిలో కుక్కాలి, ఎంత పని, ఎంత పొద్దు పోతుంది! పిన్ను తిన్నగా ఉంది. అద్దంలా మెరుస్తూ, ఉండాల్సిన చోట ఉంది.

"ఎట్టా ఉందక్కా?"

బాగోలేదు అనే మాట నాలిక మీద ఉంది. నేను నోరు తెరిచేదాకా వాడు కదలకుండా, నీళ్ళ బండ మీద కూర్చున్నట్టే, వీపు నాకు అప్పజెప్పి కూర్చున్నాడు. వాడికి కనపడదు. నేనేం చెబితే అది నమ్ముతాడు.

"బాగానే ఉందిరా, అయ్యా," అంటాను.

మూత మూసి, పంచె కుచ్చిళ్ళు దోపినట్టు దోపి, అరచేత్తో ఒకసారి నిమురుతాను, వెచ్చగా ఉంది. మెడ వెనక వెంట్రుకలు అణుస్తాను. "జాగ్రత్త," అంటాను. "అమ్మకి చెప్పు." ఏం చెప్పాలో తోచదు. చెయ్యి పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి భుజం మీద ఒక్క చరుపు చరుస్తాను.

కళ్ళు తెరిస్తే మధ్యాహ్నం, షెడ్డులో పారాచూట్లు మడిచే చాప మీద పడుకుని ఉన్నాను. నువ్వు నా పక్కన లేచి కూర్చుని, వీపు రుద్దుకుంటూ, "ఏంది అమ్మమ్మా, నిద్రలో అట్టా కొట్టావు!" అంటున్నావు, సగం ఏడుపు, సగం నవ్వు. నీ చొక్కా మెడ వెనక్కి లాగి చూశాను. భుజం మీద నా ఐదు వేళ్ళూ ఎర్రగా తేలి ఉన్నాయి.

ఇంకా మండుతోందా తల్లీ? సాయంత్రానికి పోతుందిలే, కొబ్బరినూనె రాస్తాను. ముందు పోయి నీలోఫర్‌ని పిలుచుకురా. గాలి బాగుందని అక్క చెప్పిందను. చూరు కింద ఉన్నది నేనే దించి ఇస్తానని చెప్పు, ఇంకెవరూ ముట్టుకోవద్దను.

నేను చెప్పిందంతా జ్ఞాపకం పెట్టుకో, హారికా. రేపు నీ పిల్లలు, గురవయ్య తాత ఎట్టా పోయాడని అడుగుతారు. బుధవారం నాడు, మంచం మీద, ఎవరూ లేకుండా పోయాడని ఊళ్ళో వాళ్ళు చెబుతారు. నువ్వు అట్లా చెప్పకు. వాళ్ళక్క వీపు చూసింది, అంతా సరిగ్గా ఉందని చెప్పింది, చరిచి పంపింది, అప్పుడు దూకాడు అని చెప్పు.