పిడికిట్ల బండారి

మా ఆయనకు నేను జొన్నలు ఇసురుతుంటేనే మాటలు పుడ్తయి. పొద్దుగాల నేను ఇసుర్రాయి ముందట కాళ్లు సాపి కూసున్ననో లేదో, గొంగడి కప్పుకొని వచ్చి గోడకు ఒరుగుతడు. "ఏమే, గీ మాట ఎట్లుందో జర ఇను" అని మొదలుపెడ్తడు. నాకు ఒక చెయ్యి రాయి తిప్పాలె, ఇంకో చెయ్యి గింజలు పొయ్యాలె, చెవులు ఆయనకియ్యాలె, కండ్లు పొయ్యి మీద ఉడికే జొన్నగటక దిక్కు ఉండాలె. "ఇంకో రెండు చేతులు యాడన్న కిరాయికి దొరుకుతయేమో తెచ్చిపెట్టరాదు" అంటే నవ్వుతడు. ఆ నవ్వు మంచిగుంటది. నా తంట అంత గా నవ్వుతోనే వచ్చింది.

మాది కోస్గి దగ్గర ఊరు. గొర్ల మీద బతికేటోళ్లం. ఆయన పేరు నా నోటితోని చెప్పను, మా దిక్కు చెప్పరు. ఊరోళ్లు పిలిచినప్పుడు మీరే ఇంటరు. పంచాయతీ సమితి అని కొత్తగ వచ్చినకాంచి మా ఊర్లెకు జీపులు తిరుగుడు ఎక్కువైంది. జీపు వస్తే సభ, సభ ఉంటే మా ఆయన. ఆఫీసర్లు పుస్తకంల మాట మాట్లాడితే జనాలు బీడీలు తాగుకుంట కూసుంటరు. మా ఆయన లేస్తే బీడీలు ఆరిపోతయి.

ఆయన మాట్లాడుడుకు ఒక పద్ధతుంది. ముందుగాల పేరు చెప్తడు, తండ్రి పేరు చెప్తడు. "నేను మంద మల్లప్ప కొడుకును. మా నాయిన మీ చెల్కలల్ల మంద ఆపితే, మా గొర్ల ఎరువుకు పండిన జొన్నలే మీరు తిన్నరు" అంటడు. ఆ మాటతోని ముసలోళ్లందరు అవునంటే అవునని తల ఊపుతరు. "ఎవడు చెప్తుండో తెల్వకుంటె ఎవడింటడే? మొదలు పేరు చెప్పాలె" అని నాకు ఎన్నిసార్లు చెప్పిండో. పేరైనంక కడుపుల చెయ్యి పెట్టినట్టు ఒక మాట అంటడు, ఆడోళ్లు కొంగులతోని కండ్లు తుడుసుకుంటరు. ఆ కండ్లు ఆరకముందే లెక్క చెప్తడు, గిట్ల చేస్తే గింత నష్టం, గట్ల చేస్తే గింత లాభం. ఇగ మనిషి తప్పించుకొని యాడికి పోతడు?

కడుపుల చెయ్యి పెట్టే మాటలు మాత్రం నావి. పోయినేడు బావి కోసం సభ పెట్టినప్పుడు, నేను ఇసురుకుంట ఊకెనే గులిగిన. "బిందె దించేటప్పుడు అందరు సూస్తరు, ఎత్తుకునేటప్పుడు ఎవ్వరు సూడరు" అన్న. ఆయన దాన్ని సభల అన్నడు. బావి మంజూరైంది. తెల్లారి నీళ్లకు పోతే ఆడోళ్లంత నాకే చెప్పవట్టిన్రు, "నీ మొగడు ఎంత మాటన్నడే, ఆడోళ్ల కష్టం తెలిసిన మొగోడు" అని. నేను ముసిముసి నవ్వులు నవ్వుకుంట బిందె ముంచిన. సంబురమే అయింది. కని బిందె నెత్తికెత్తుకుంటుంటే, నా మాట నాకే పరాయోళ్ల ఇంటికాంచి వచ్చినట్టనిపించింది. ఎవ్వరు సాయం పట్టలే, ఎప్పటిలెక్కనే నేనే ఎత్తుకున్న.

మా అత్త సత్తమ్మకు సభలు తెల్వయి గని, మాట్లాడుడుల కొడుక్కు గురువు ఆమెనే. నేను కాపురానికొచ్చిన కొత్తల నన్ను పక్కకు కూసోబెట్టుకొని చెప్పింది. "పిల్లా, మొగోన్ని ఆకలి మీద ఏదీ అడగకు, కరుస్తడు. కడుపు నిండినంక అడగకు, పండుకుంటడు. సగం రొట్టెకాడ అడుగు. ఇంక సగం నీ చేతులనే ఉంటది." నేను పకపక నవ్విన. ఆమె నవ్వలే. అట్ల సగం సగం రొట్టెలకాడ ఆమె బతుకంత గడిచిందని నాకు తర్వాతగని తెల్వలే. పుట్టింటికి పోవాలంటె సగం రొట్టె, పండుగకు చీర కావాలంటె సగం రొట్టె. మా మామ ఎన్నడు కొట్టలే, తిట్టలే. అడగంగ అడగంగ ఇచ్చిండు, అంతే.

మా ఆయన ఇంకా మంచోడు. అడగకముందే తీపి మాట చెప్తడు. ఊర్లె రాత్రిబడి పెట్టిన్రు ఒకసారి, ఆడోళ్లకు గూడ అక్షరాలు నేర్పుతమన్నరు. నేను పోత అన్న. ఆయన నా చెయ్యి పట్టుకొని, "నువ్వు లాంతరు పట్టుకొని బడికి పోతే గీ ఇంట్ల దీపం ఎవరే? నీ ముందట పెద్ద పెద్దోళ్లు గూడ మాట నేర్సుకోవాలె, నీకు పలక ఎందుకే" అన్నడు. నేను ఎంత మురిసిన్నంటె, ఆ పొద్దు ఆయనకు నూనె ఎక్కువేసి కూర చేసిన. తెల్లారి అంట్లు తోముతుంటే గప్పుడు తెలిసింది, రాత్రిబడి నా చేతులకెల్లి పోయిందని. తిట్టి ఉంటే కొట్లాడుతుంటి. ముద్దు చేసెటాయనతోని ఎట్ల కొట్లాడుతరు?

నా బిడ్డ జంగమ్మ మా ఊరి బడిల అయిదు అయిపోగొట్టింది. ఆరుకు కోస్గికి పోవాలె. మా ఊర్లెకెల్లి ఆడపిల్ల ఎవ్వతె పోలే. జంగి మాత్రం పొద్దూకులు అదే పాట, "అమ్మా, నేను పోతనే" అని. ఆయన లెక్క వేరుంది. గడ్డి ఎండంగనే మందను తోలుకొని అచ్చంపేట అడివి దిక్కు వలస పోతరు, బడులు తెరిచి నెలలైనంకగని తిరిగి రారు. పెద్ద గొర్లను కట్టె పట్టుకొని తోలొచ్చు, కని కొత్తగ పుట్టిన గొర్రెపిల్లలను కనిపెట్టుకొని ఉండనీకి ఒక మనిషి కావాలె. "జంగి వస్తది ఈయేడు" అన్నడు ఆయన. ఒక్క ఏడు పోతే బడి మళ్ల దొరకదని నాకు తెల్సు. నాకు దొరికిందా?

అత్త చెప్పినట్టే సగం రొట్టెకాడ అడిగిన. "జంగమ్మ నాయినా, పిల్లను కోస్గి బడికి తోలుదం" అన్న. ఆయన రొట్టె పక్కకు పెట్టిండు. "పిల్ల నా ఎంట ఉంటే నువ్వే ఉన్నట్టుంటదే. అడివిల దాన్ని సూస్తే నీ మొకం యాదికొస్తది" అన్నడు. ఏం చెప్పాలె గా మాటకు? మిగిలిన సగం రొట్టె గూడ పెట్టి లేసిన.

అటెనుక నాలుగొద్దులకే కబురొచ్చింది. సమితి ఆఫీసరు వస్తుండట, ఆడపిల్లలను పెద్దబడికి పంపుమని సభ పెడ్తడట, మా ఆయనే మాట్లాడాల్నట. పొద్దుగాల గొంగడి కప్పుకొని వచ్చి గోడకు ఒరిగిండు. "ఏమే, ఆడపిల్లల సదువు మీద ఏం చెప్దాం?"

నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. రాయి గిర్రున తిరిగింది, పిండి అంత చాపకు అవుతల పడ్డది. అన్న, "ఏముంది చెప్పనీకి! మా అమ్మగారింటికి పోయేటప్పుడు కోస్గిల బస్సులకాడ నిలబడ్త. బోర్డు మీద ఊరి పేరు రాసి ఉంటది. నాకు సదవరాదు. ఇది యాడికి పోతదయ్యా అని ఎవన్నో అడగాలె. వాడు ఎగాదిగ సూసి చెప్తడు. నేను యాడికి పోతున్ననో నాకు ఇంకొకడు చెప్పాలె. నా బిడ్డకు ఆ గతి వద్దు." కండ్లకు నీళ్లొచ్చినయి.

ఆయన తొడ మీద సరిచిండు. "అబ్బా! గదే, గదే! మల్లొక్కసారి చెప్పే, మరిచిపోత" అన్నడు. పెదవులు కదుపుకుంట నా మాటను బట్టీ పట్టవట్టిండు. మాట ఇన్నడు గని నన్ను ఇనలే. ఆ పొద్దే నేను అనుకున్న, ఈయనకు చెప్పి లాభం లేదు, ఈయన నోటితోనే ఈయనకు చెప్పియ్యాలె అని.

మా ఇంట్ల ఏ పనికి పోయినా మల్లన్న బండారి నొసట పెట్టుకొని పోతరు. బండారి అంటే దేవునికాడి పసుపు. నొసట పెడితే దీవెన. పిడికిట్ల పట్టుకొని పదిమందిల మాట్లాడితే మాత్రం ఒట్టు. గొర్రె నాదంటే నాదని కొట్లాడుకుంటే, మా కులపెద్దలు చేతుల బండారి పెట్టి ఇగ చెప్పు అంటరు. అట్ల చెప్పిన మాట తప్పితే మంద నిలువదని మావోళ్ల భయం. మా ఆయనకు తెల్వంది కాదు.

సభకు బయలెల్లేటప్పుడు ఆయన కండ్లు ఇంట్ల లేవు, మనసంత సభలనే ఉంది. నొసట బొట్టు పెట్టిన. ఆయన చెయ్యి తీసుకొని అందుల ఇంత బండారి పోసి, ఏళ్లు ఒక్కొక్కటి మూసిన. "గట్టిగ పట్టుకో, మాట తడబడది" అన్న. "నీ చెయ్యి పడ్డంక నాకు తిరుగేముందే" అని నవ్విండు. మొగన్ని గిట్ల పట్టియ్యొచ్చునా, ఇది మోసమా అని మనసుల ఒకటే గుబులు. ఆయన మీద ప్రేమ లేక చేసిన్ననా? దర్వాజ దాటంగ పిడికిలి ఇప్పి దులుపుకుంటే ఊకుంట, మల్లన్నా, నీ ఇష్టం, అని మొక్కిన. ఆయన దులుపుకోలే, గట్టిగనే పట్టుకొని పోయిండు.

చావిడికాడ మొగోళ్లు ముందట, మేము ఎనుక. జంగి నా కొంగు పట్టుకొని నిలబడ్డది. ఆఫీసరు ఏదో సదివిండు. మా ఆయన లేసిండు. పేరు చెప్పిండు, తండ్రి పేరు చెప్పిండు, ముసలోళ్లు తల ఊపిన్రు. బస్సు బోర్డు మాట చెప్పిండు. నా పక్కకు ముక్కులు చీదుడు ఇనబడ్డది. నాకు గూడ ఏడుపొచ్చింది, నా మాటే అయినా. సంతల తూకం సదివే బిడ్డ ఇంట్ల ఉంటే మనల ఎవడన్న మోసం జేస్తడా అని లెక్క గూడ చెప్పిండు. జనాలు చప్పట్లు కొట్టిన్రు. ఇగ ఆయనకు పూనకం వచ్చినట్టైంది. పిడికిలి పైకెత్తి, "సదువుకునే ఆడబిడ్డను గొర్ల ఎంట తోలే తండ్రిది తప్పు! నేనైనా సరే, ఎవడైనా సరే, తప్పు తప్పే!" అని చెయ్యి ఇప్పిండు.

చేతులకెల్లి పచ్చగ బండారి రాలింది. మావోళ్లందరి కండ్లు ఆ బండారి మీదనే పడ్డయి. కులపెద్ద గుర్వయ్య తాత కట్టె ఊతం పట్టుకొని లేసిండు. "ఐలేశం, బండారి పట్టుకొని పలికినవు కొడకా. నీ బిడ్డ పేరు రాయించినంకనే కూసో."

ఆయన తన చేతిని తానే కొత్తగ సూసినట్టు సూసుకున్నడు. తర్వాత మందిల నన్ను ఎతికిండు. నేను తల దించలే. ఆఫీసరు దిక్కు తిరిగి, "జంగమ్మ" అన్నడు మెల్లగ. ఆఫీసరు తండ్రి పేరు అడిగి రాసుకున్నడు. తల్లి పేరు ఎవ్వరు అడగలే. గుర్వయ్య తాత తన మనుమరాలి పేరు గూడ చెప్పిండు. నా బిడ్డకు తొవ్వల తోడు దొరికింది.

ఇంటికొచ్చి ఆయన అరుగు మీద కూలబడ్డడు. "మందిల నన్ను పట్టిచ్చినవు గదనే" అన్నడు.

"పలికింది నువ్వే గద."

"నన్ను అడిగితే కాదంటుంటినా?"

"అడిగిన. సగం రొట్టెకాడ అడిగిన. నా మొకం యాదికొస్తదన్నవు."

లోపలికెల్లి మా అత్త నవ్వు ఇనబడ్డది, నవ్వి నవ్వి దగ్గు వచ్చిందామెకు. "నాకు గీ ఉపాయం తోచకపాయె పిల్లా" అన్నది. నాకు పాణం చివుక్కుమన్నది ఆ మాటకు.

"మరి గొర్రెపిల్లలను ఎవరు సూడాలె?" అన్నడు ఆయన.

"నువ్వే సూడు. మనుషులే నీ మాట ఇంటున్నరు, గొర్రెపిల్లలు ఇనయా?"

బిగపట్టుకున్నడు గని ఆగలే, నవ్విండు. నేనూ నవ్విన. ఆ యేడు గొర్రెపిల్లలను గొంగడిల కట్టుకొని తానే అడివికి పోయిండు. మృగశిర పడ్డంక మందను తోటోళ్లకు ఒప్పజెప్పి వచ్చి, కోస్గి బడి తెరిచిన నాడు జంగి సంచి తన భుజానికేసుకొని ఊరి అవతలిదాంక పోయిండు.

మొన్న ఊర్లె మహిళా మండలి అన్నరు. ఆడోళ్లకు ధైర్యం చెప్పుమని మళ్ల మా ఆయనకే కబురు. ఆడోళ్లకు ధైర్యం చెప్పనీకి గూడ మొగోడే దొరికిండా వీళ్లకు! పొద్దుగాల గొంగడి కప్పుకొని వచ్చి గోడకు ఒరిగిండు. "ఏమే, ఏం చెప్దాం?"

మాట నాలిక మీదికొచ్చింది. మింగిన. ఇసుర్రాయి కాడికెల్లి లేసి, "నువ్వు ఇసురు. నేను పోయి మాట్లాడుత" అన్న. పరాష్కమనుకున్నడు. నేను నవ్వకపోయేసరికి అత్త దిక్కు సూసిండు. "ఇసురు బిడ్డా, జొన్నలు నిన్నేం కరువయి" అన్నదామె. కూసున్నడు. పిడికెడు పొయ్యాల్సినకాడ దోసెడు పోసిండు, రాయి కదలలే. నేను సాయం పోలే. దేవునికాడికి పోయి ఇంత బండారి తీసుకొని పిడికిలి బిగించిన.

దర్వాజకాడ ఎనుకకెల్లి పిలిచిండు. "ఏమే, మందిని సూస్తే బుగులైతది నీకు. పోంగనే ముందుగాల ఏం చెప్తవే?"

"నువ్వు నేర్పిందే. ముందుగాల పేరు చెప్త" అన్న. ఆయన ముందటనే ఒకసారి పలికి సూసిన. "నేను సుక్కమ్మను."