ఏడు గంటల ప్రశ్న

ఆ పుస్తకాన్ని రుక్మణి సూలూరు సంత దగ్గర పాత సామాన్ల కొట్లో కొన్నది. వెబ్ పేజీలకు స్క్రిప్టు రాయడం నేర్పే పుస్తకం, తమిళంలో ఉంది, అట్ట సగం ఊడిపోయింది. పవర్‌లూము షెడ్డులో నూలు చుట్టే నలభై రెండేళ్ల ఆడమనిషికి ఇదెందుకని కొట్టువాడు ముసిముసిగా నవ్వాడు. రుక్మణికి కోపం ముక్కు మీదే ఉంటుంది.

"ఎందుకయితే నీకేమి? తూకం చూసి ఇయ్యి" అన్నది.

ఎందుకో ఆమెకు బాగా తెలుసు. షెడ్డులో మగ్గాల మోతకు మాటలుండవు, అంతా చేతి సైగలే. ఇంటికొస్తే మాట్లాడేది పక్కింటి అంగమ్మాళ్ ఒక్కతే. ఆ తమిళ ఊళ్లో, ఆ లైను ఇళ్లలో తెలుగు మాట్లాడే ఇళ్లు రెండే మిగిలాయి, ఒకటి అంగమ్మాళ్‌ది, ఒకటి రుక్మణిది. సాయంత్రం ఏడింటికి రుక్మణి తాళం తీసిన చప్పుడు వినగానే గోడ అవతల నుంచి కేక వచ్చేది.

"ఏమే రుక్కూ, తింటివా?"

మొన్న మామిడికాయల కాలంలో అంగమ్మాళ్ చనిపోయింది. ఇప్పుడు తాళం తీస్తే తాళం చప్పుడే.

అందుకని ఏడు కాగానే ఆ ప్రశ్న అడిగే పేజీ ఒకటి ఫోనులో చెయ్యాలనుకుంది. అంతకు మించి ఆశ లేదు. అడిగేవాళ్లు లేకపోతే తిన్నా తిననట్టే ఉంది.

నేర్చుకోవడం అనుకున్నంత సులువు కాలేదు. ఒక్క బ్రాకెట్టు మూయడం మరిచిపోతే చాలు, పేజీ మొత్తం తెల్లగా అలిగి కూర్చునేది. కొత్తల్లుడు కూడా అంత అలగడు. ప్రశ్నను తమిళ అక్షరాల్లోనే రాసింది, ఆమెకు తెలుగు నోట్లో ఉంది గాని వేళ్లలో లేదు. గంట దగ్గర ఏడు అని వేసింది. సాయంత్రం పేజీ ఉలకలేదు, పలకలేదు. మర్నాడు పొద్దున ఏడింటికి బస్సులో తెరిస్తే ఫోను "తింటివా?" అన్నది. సాయంత్రం ఏడంటే దానికి పంతొమ్మిది అట! రుక్మణికి నవ్వాగలేదు. ఇది చెప్పుకుని నవ్వడానికి మనిషి లేదని గుర్తొచ్చి వెంటనే ఏడుపొచ్చింది.

పంతొమ్మిది అని దిద్దింది. కింద రెండు బటన్లు పెట్టింది, తింటి అని ఒకటి, లేదు అని ఒకటి. మొదటిది నొక్కితే అంగమ్మాళ్ రోజూ అనే మాటే వచ్చేది: "సరి, పండుకో పో."

రెండోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇలా అయితే ఇది చెయ్యి, కాకపోతే అది చెయ్యి అని పుస్తకం చెబుతూనే ఉంది. తినలేదంటే అంగమ్మాళ్ ఏమనేది? రుక్మణికి గుర్తు రాలేదు. గుర్తున్నదల్లా ఈడ్చుకుంటూ వచ్చే చెప్పుల చప్పుడు, తలుపు తోసుకుని లోపలికొచ్చే గిన్నె, అందులో వేడి సంకటి. మనిషి లేచి నడిచి రావడం ఏ అధ్యాయంలోనూ లేదు. ఆమె చివరి పేజీ దాకా వేలు పెట్టి మరీ వెతికింది.

రెండు వారాలు ఆ చోటు ఖాళీగానే ఉంది. లేదు నొక్కితే పేజీ నోరు మెదపదు. అందుకే కడుపు కాలుతున్నా తింటి అనే నొక్కేది. అబద్ధమాడితే కనీసం ఒక మాటైనా వస్తుంది కదా.

శుక్రవారం సాయంత్రం అంగమ్మాళ్ ఇంట్లో కొత్తగా దిగిన కళైవాణి వాకిట్లో ఉన్న మొగుడికి వినబడేలా లోపల్నుంచి "ఇరుంగ, వరేన్!" అని తమిళంలో అరిచింది. గోడ అవతల నుంచి అదే చోట, అదే గొంతెత్తి. రుక్మణికి అప్పుడు గుర్తొచ్చింది. తినలేదంటే అంగమ్మాళ్ అనేది కూడా ఆ మాటే, తెలుగులో. గిన్నె అందుకుంటూ అనేది గనక ఎప్పుడూ చెవికెక్కించుకోలేదు.

గబగబా రాసింది. బ్రాకెట్టు మూసింది. ఏడు దాటి ఐదు నిమిషాలైంది. పేజీ తెరిచి, మొదటిసారి నిజం నొక్కింది.

"ఉండు, వస్తుండా."

రాసింది తనే. ఆ సంగతి తెలియనంత పిచ్చిది కాదు రుక్మణి. అయినా లేచి తలుపు గడియ తీసి పెట్టింది, పొయ్యి వెలిగించకుండా వచ్చి కూర్చుంది.