ముప్పై రోజులుగా వాడనివి

డేగిసా గొడవ టిఫిన్ల దగ్గర మొదలై పదిన్నరకి కూడా తెగలేదు. రహమతున్నీసా వంటింటి గడప మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తూనే కొడుకుని నిలదీస్తోంది. బాషా హాల్లో స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తూ, అడిగినదానికల్లా వెనక్కి తిరగకుండానే సమాధానం చెబుతున్నాడు.

అతను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. ఎండాకాలం సెలవులకి యార్డు మూసి నెల దాటింది. పొద్దున నాలుగింటికి ఇల్లు వదిలే మనిషికి నెల రోజులు ఇంట్లో కూర్చోవడం చేతకాలేదు. మొదటి వారం నిద్రపోయాడు. రెండో వారం కుళాయిలు బాగుచేశాడు. మూడో వారం అటక ఎక్కి, ఏడాదిగా ఎవరూ ముట్టుకోనివన్నీ దించి పాతసామాన్ల బండికి వేసేశాడు. అందులో తల్లి పెద్ద వంట డేగిసా కూడా పోయింది. ఆ సంగతి ఆమెకి ఈ ఆదివారం పొద్దున తెలిసింది.

రహమతున్నీసా భర్త సిలార్ పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఆ తల్లీకొడుకుల మధ్య దూరి బాగుపడినవాడు లేడని ఆయనకి తెలుసు.

కోడలు సిద్దికాకి ఆ తెలివి లేకపోయింది. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల మీద ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్న ఆమె, గొడవ ఎలాగైనా ఆగితే చాలనుకుని తల తిప్పకుండానే అంది.

“ఏడాదిగా తీయలేదంటే ఇంక అవసరం లేదనేగా అత్తమ్మా. అటకైనా ఖాళీ అయింది.”

రహమతున్నీసా కత్తి కింద పెట్టింది.

“నువ్వూ వాడికే వంత పాడతన్నావా? ఉరుసుకి కందూరు అన్నం వండేది అందులోనే. ఏడాదికి ఒక్క రోజు. మిగతా రోజులన్నీ అటక మీద ఉండటమే దాని పని. పైకెక్కి చూసి దుమ్ము పట్టింది, పనికిరాదు అనేస్తే సరా? నన్నొక మాట అడిగితే నోరు అరిగిపోతదా?”

బాషా స్టూలు దిగాడు. రేపట్నుంచి నేను ఇంట్లో ఉండనులేమ్మా, నీకు ఈ బాధ ఉండదు అన్నాడు. రేపు యార్డు తెరుస్తున్నారట. దర్శి, కనిగిరి లారీలు ఇవాళ సాయంత్రానికే వచ్చేస్తాయట. నెల రోజులు ఆగిన సరుకు కాబట్టి రేపు కాటాల దగ్గర కాలు పెట్టే సందు ఉండదట.

సిద్దికా చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

“యార్డు మూసి ఎన్ని రోజులైందండీ?”

“నేను ఇంట్లో ఉండటం నీకంత భారమైందా, లెక్కపెడుతున్నావు?” అని నవ్వాడు బాషా. ఆమె నవ్వకపోయేసరికి వేళ్ళు ముడిచి లెక్కపెట్టి చెప్పాడు. ముప్పై మూడు.

సిద్దికా హైదరాబాద్ కంపెనీ ఒకదానికి నల్లపాడులోని ఈ ఇంటినుంచే పనిచేస్తుంది. ఆ కంపెనీకి నలభై మంది కస్టమర్లు. వాళ్ళంతా తమ రికార్డులు సొంత కంప్యూటర్లలో కాకుండా క్లౌడ్‌లో, అంటే ఎక్కడో అద్దెకి తీసుకున్న కంప్యూటర్లలో పెట్టుకున్నారు. వాటికి కాపలా ఫైర్‌వాల్. ఎవరు, ఎటునుంచి, ఏ తలుపున లోపలికి రావచ్చో అందులో ఒక్కొక్క రూలుగా రాసి ఉంటుంది. ఆరేళ్ళలో అలాంటి రూల్స్ నాలుగు వేలు దాటాయి. తెరిచి మరిచిపోయిన తలుపులోంచే దొంగ దూరతాడు కాబట్టి అక్కర్లేనివి మూస్తూ ఉండాలి. ఇద్దరు మనుషులు వారాల తరబడి ఒక్కొక్క కస్టమరుకీ ఫోన్ చేసి, అడిగి మూసే ఆ పనిని సిద్దికా ఒక ప్రోగ్రామ్‌కి అప్పగించింది. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి అది అన్ని తలుపులూ చూస్తుంది. ముప్పై రోజులుగా ఎవరూ రాని తలుపుని మూసేస్తుంది.

ముప్పై అనే అంకె ఆమె పెట్టిందే.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా దాన్ని పరీక్షించారు. అన్నాళ్ళూ ప్రోగ్రామ్ చూపించిన ప్రతి తలుపునీ ఆఫీసులో ఒక మనిషి చూసి సరేనన్నాకే మూశారు. ఒక్క తప్పు కూడా రాలేదు. రెండు వారాల క్రితం ఆ సరేననడం కూడా తీసేశారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అంటే మిర్చి సీజన్ నడినెత్తిన ఉండే రోజులని, అప్పుడు ఈ జిల్లాల్లో తెరుచుకోని తలుపు ఉండదని, మిర్చి ఘాటులో పుట్టి పెరిగిన తనకి ఎందుకు తట్టలేదో సిద్దికాకి అర్థం కాలేదు. నెల రోజులుగా భర్త కళ్ళెదుటే తిరుగుతున్నాడు. అతను కాళ్ళకి అడ్డం పడుతున్నాడని విసుక్కుంది గానీ, అతను ఎందుకు ఇంట్లో ఉన్నాడో తన పనికి కలిపి ఆలోచించలేదు.

జాబితా తెరిచింది. ఈ రెండు వారాల్లో ప్రోగ్రామ్ అరవై మూడు తలుపులు మూసింది. అందులో పదకొండు, యార్డులో కొట్లవాళ్ళు కాటా తూకాలు ఎక్కించే యాప్‌వి. మూడు రోజుల క్రితం మూసుకున్నాయి. యార్డులో ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

రేపు తెల్లవారుజామున లారీలు వరస కడతాయి. మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, దింపుతారు. కాటా మీద పెట్టిన బస్తా తూకం యాప్‌లోకి ఎక్కదు. ఎక్కకపోతే చీటీ రాదు, చీటీ రాకపోతే సరుకు కదలదు. రాత్రంతా లారీ మీద కూర్చుని వచ్చిన రైతు ఎండలో నిలబడి ముందుగా అరిచేది గుమస్తా మీదే.

సిద్దికా ఆ పదకొండూ చేత్తో తెరవడం మొదలుపెట్టింది. ఒక్కొక్కదానికీ ఎందుకు తెరుస్తున్నావని కంప్యూటరు అడుగుతుంది. మామూలు పని అని రాసింది. మొదటిదానికి రాసేముందు కాస్త ఆగింది. ఆ తర్వాత అలవాటైపోయింది. అన్నీ అయ్యేసరికి పన్నెండుకి ఐదు నిమిషాలు. ఎవరికీ తెలియకుండా గండం గడిచిందనుకుంది. వంటింట్లో పోపు వాసన, మంచి ఆకలి కూడా వేసింది.

పన్నెండయింది. తెర మీద వరసలు కదిలాయి. పదకొండూ మళ్ళీ మూసుకున్నాయి.

వాటిలోంచి ఇంకా ఎవరూ రాలేదు మరి. యార్డు తెరిచేది రేపు. ప్రోగ్రామ్ తను రాసినట్టే పనిచేసింది.

అప్పుడు జాబితాలో మిగిలినవి కూడా ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది. ముప్పై తొమ్మిదో వరసలో ఒంగోలు వైపున్న ఒక ఆసుపత్రి ఉంది. ఆ తలుపు పక్కన ఎవరో ఎప్పుడో ఒక ముక్క రాసిపెట్టారు: మెయిన్ లైన్ పోతే వాడాలి. రోగుల రిపోర్టులు డాక్టర్లకి అందే రెండో దారి అది. రెండేళ్ళుగా మెయిన్ లైన్ పోలేదు; నెల నిండకుండా ఎవరో ఒకసారి దాన్ని వాడి చూసేవాళ్ళు, ఈసారి చూడలేదు. ప్రోగ్రామ్ దాన్ని తొమ్మిది రోజుల క్రితం మూసింది.

సిద్దికా ఆ వరస పక్కన గుర్తు పెట్టింది. టీం లీడర్ శ్రీకృష్ణకి ఫోన్ చేసింది.

ఆయన చెడ్డ మనిషి కాదు. ఆదివారం ఫోన్ చేసినందుకు విసుక్కోలేదు. అంతా విని, యార్డు పేరూ ఆసుపత్రి పేరూ మినహాయింపుల్లో రాసెయ్యమన్నాడు. వాటి జోలికి ప్రోగ్రామ్ వెళ్ళదు, ఎవరికీ నష్టం జరగలేదు, కాబట్టి రిపోర్టు అక్కర్లేదన్నాడు.

“యార్డు సంగతి నాకు మా ఆయన ఇంట్లో ఉన్నాడు కాబట్టి తెలిసింది శ్రీకృష్ణ గారూ,” అంది సిద్దికా. “మనకి నలభై మంది ఉన్నారు. పొగాకు వేలాలు ఎప్పుడు ఆపుతారో, పత్తి కొనేవాళ్ళు ఎన్ని నెలలు మూస్తారో మనకెవరు చెప్తారు? వాళ్ళని అడగడం మానేశాం కదా.”

నిజమేనన్నాడు ఆయన. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ప్రోగ్రామ్ ఆపితే ఎందుకు ఆపామో పైకి రాయాలి. రాస్తే తిరిగి పరీక్ష మొదటికొస్తుంది. అన్నాళ్ళూ ఎవరో ఒకరు చేత్తో చూడాలి. చేత్తో చేసే పని ఆఫీసులో కూర్చునే చేయాలన్నది కంపెనీ నియమం, అందులో తన చేతుల్లో ఏమీ లేదు.

“ప్రోగ్రామ్ రాసింది నువ్వు కాబట్టి ఆ మనిషివి నువ్వే అవుతావు. మూడు నెలలో, ఆరు నెలలో. నీ ఇంటి సంగతి నాకు తెలుసు సిద్దికా. ఐదింటి దాకా ఆలోచించుకో. ఆపడమా, ఉంచడమా, నువ్వు ఏది చెబితే అది.”

ఆయనకి తెలుసు. ఇంటినుంచి పని మొదలుకాకముందు సిద్దికా రెండేళ్ళు హైదరాబాద్ హాస్టల్లో ఉంది. శనివారం ఇంటికొస్తే కూతురు షమా నాయనమ్మ కొంగు వెనక దాక్కుని తొంగిచూసేది. ఆదివారం మధ్యాహ్నానికి కాస్త దగ్గరికొచ్చేది. సాయంత్రానికి ఒళ్ళో కూర్చునేది. అప్పటికి రైలు టైమయ్యేది. ఆరు నెలల క్రితం ఈ ప్రోగ్రామ్ రాసే పని పుణ్యమా అని ఇంటికొచ్చాక, పిల్ల వెనకే తిరుగుతోంది. ఈమధ్యే రహమతున్నీసాని వదిలి తల్లి పక్కన పడుకోవడం మొదలుపెట్టింది.

అన్నాలప్పుడు సిద్దికా ముద్ద మింగలేకపోయింది. కూర ఉప్పైందా అని అడిగింది అత్త, పొద్దుటి కోపం ఇంకా గొంతులోనే ఉంది. బాగుందని చెప్పి లేచింది. యార్డు పేరూ ఆసుపత్రి పేరూ మినహాయింపుల్లో రాసి, మూసినవి తెరిచింది. ఇక రేపటికి భయం లేదు. అయినా జాబితా మూయలేకపోయింది. కింద మిగిలిన యాభై ఒకటీ ఎవరివో, ఏ రోజు కోసం పెట్టుకున్నవో, వాటి పక్కన ఎవరూ ఏ ముక్కా రాయలేదు.

బాషా వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. సంగతంతా చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. యార్డు తలుపులు తెరుచుకున్నాయి కదా అని ముందు అడిగాడు. తెరిచానంది.

“అయితే ఇంకేంటి? ఆయనే వద్దంటున్నాడు, నువ్వెందుకు మీద వేసుకోవడం?” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “పిల్ల ఇప్పుడిప్పుడే అలవాటు పడింది.”

“ఆ ఆసుపత్రిలో మెయిన్ లైన్ ఈ తొమ్మిది రోజుల్లో పోయుంటే?”

“పోలేదుగా.”

“పోలేదు,” అంది సిద్దికా. “నేను చూసుకున్నానని కాదు. అదృష్టం బాగుండి పోలేదు.”

బాషా లేచి గుమ్మంలో నిలబడ్డాడు. బయట షమా పక్కింటి పిల్లతో తొక్కుడు బిళ్ళ ఆడుతోంది. గీత తొక్కావంటే తొక్కలేదని వాదిస్తోంది. అతను చాలాసేపు అటే చూశాడు.

మూడున్నరకి సిద్దికా రిపోర్టు ఫారం తెరిచింది. ఏం జరిగింది అన్నచోట రాయడం తేలికగానే సాగింది. ఎలా జరిగింది అన్నచోట చాలాసేపు ఆగింది. ముప్పై రోజుల అంకె ఎవరు నిర్ణయించారో రాయకపోయినా ఎవరూ అడగరు. నిర్ణయించారు, పరీక్షించారు, అమలు చేశారు అని రాస్తే చాలు, ఆఫీసులో అందరూ అలాగే రాస్తారు. రెండుసార్లు అలాగే రాసి కొట్టేసింది. మూడోసారి రాసింది: అంకె నేను పెట్టాను, ఆ రూల్స్ వాడేవాళ్ళని అడగలేదు. పొద్దున పదకొండు తలుపులకీ మామూలు పని అని రాశాను, అది నిజం కాదు.

రాసింది మళ్ళీ చదువుకుంది. ఉద్యోగమే పోతుందేమో అన్న ఆలోచన అప్పుడే మొదటిసారి వచ్చింది. ఐదింటి దాకా ఉంటే చెరిపేస్తానని భయపడి నాలుగూ పదికే ప్రోగ్రామ్ ఆపి, రిపోర్టు పంపేసింది. పంపాక కూడా వేలు బటన్ మీదే ఉంది.

శ్రీకృష్ణ నుంచి పావుగంటలో జవాబు వచ్చింది. సరే. మంగళవారం పొద్దున ఆఫీసుకి వచ్చెయ్యి. అంతే ఉంది. కోపంగా రాశాడో, మామూలుగా రాశాడో తెలుసుకోవాలని మళ్ళీ మళ్ళీ చదివింది. తెలియలేదు.

వంటింట్లోకి వెళ్ళి తనే టీ పెట్టింది. హాల్లో అందరూ ఉన్నారు. మామ పేపరు మడిచి విసురుకుంటున్నాడు. బాషా రేపటికి చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. రహమతున్నీసా ఆట నుంచి వచ్చిన మనవరాలి కాళ్ళు తడిగుడ్డతో తుడుస్తూ, ఎండలో తిరిగితే నల్లబడతావని తిడుతోంది. సిద్దికా అందరికీ గ్లాసులు అందించి, షమా పక్కన నేల మీద కూర్చుంది. పిల్ల తడి కాలు తల్లి ఒళ్ళో పెట్టింది.

బాషా ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆమె ముఖంలోకి చూశాడు. చూడగానే అతనికి తెలిసిపోయింది.

సిద్దికా ఆ కాలి వేళ్ళు పట్టుకుని, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా, టీ చల్లారిపోతుందని చెప్పినంత నెమ్మదిగా చెప్పింది.

“ప్రోగ్రామ్ ఆపేశాను. తప్పు నాదేనని రాసి పంపించాను. మంగళవారం నుంచి నేను హైదరాబాద్‌లో ఉండాలి అత్తమ్మా. మూడు నెలలు కావచ్చు, ఎక్కువ కూడా కావచ్చు. రేపు సాయంత్రం బయల్దేరతాను.”